పైయింటి కొలను, కిందింటి నేల

జూలై 3

మట్టిబుర్రకి,

మీ అత్త బతికే ఉంది. నీ క్షేమం నువ్వు రాయకపోయినా నాకు తెలుసు: బూట్లనిండా బురద, జడలో గడ్డిపోచలు, మొహం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది. కిందటిసారి పంపిన ఫోటోలో ఏదో గొట్టాన్ని కౌగిలించుకుని నిలబడ్డావు. మీ అమ్మ అది చూసి, "దీని పుట్టినరోజు ఫోటోల్లో కూడా ఇంత నవ్వు లేదు" అంది.

ఇక అసలు సంగతి. నా కొట్లో నేల మళ్ళీ చెమర్చింది. వానలు మొదలయ్యాయో లేదో, వెనకగోడ వారనుంచి పాకుతూ వచ్చి పనిబల్ల కాళ్ళు పట్టుకుంది. ఒక పెద్దమనిషి వయొలిన్ పొట్ట విప్పి అతికించాను. బిగింపులు తీసి చూద్దును కదా, జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. చెక్కలు ఉబ్బుతున్నాయి, తీగలకి తుప్పు, నాకు దగ్గు.

మీ నాన్న ఒంటికాలి మీద లేచాడు. మా అన్నయ్య దృష్టిలో ప్రపంచంలో ఏ సమస్యకైనా లిఫ్టున్న బిల్డింగే మందు. మూడో అంతస్తులో ఒక గది చూసిపెట్టాడు. నున్నటి టైల్సు, అద్దాల తలుపు. వెళ్ళి మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. రేకు డబ్బాలో కొట్టినట్టుంది. ఆ గదిలో ఎంత మంచి వాయిద్యమైనా జలుబు చేసినట్టే పలుకుతుంది. నా కొట్లో రాతిగోడల మధ్య ఒక్క తీగ మీటితే చాలు, దాని జబ్బేమిటో నాకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ గోడలతో కలిసే విన్నాను. అవి లేకుండా నాకు పని రాదేమోనని భయంగా ఉంది. ఈ మాట మీ నాన్నతో అనకు.

మాటామాటా పెరిగి నోరు జారాను. సెప్టెంబరు ఆఖరుకి నేల ఆరకపోతే అక్టోబరు ఒకటిన నేనే సామాను ఎత్తేస్తానన్నాను. మీ నాన్న అక్కడికక్కడే లారీ అతనికి ఫోన్ చేశాడు.

మట్టిలో నీళ్ళు ఎట్లా నడుస్తాయో చదవడానికి నువ్వు కళ్ళజోడు తెచ్చుకున్నావు. నా నేలలోకి ఎక్కణ్ణించి నడిచొస్తున్నాయో కాస్త చెప్పి పుణ్యం కట్టుకో. మీ వాళ్ళు ఆ కొండమీద సెల్ టవర్ పెట్టిస్తే ఈ కాగితం ఖర్చు తప్పేది.

తడిసిన
మీ మేనత్త

జూలై 12

కోపిష్టి అత్తకి,

నీ ఉత్తరం వారం పాతదై అందింది. బండి కిందికి దిగేది వారానికి ఒక్కసారే, సెల్‌ఫోన్ ఇక్కడ టైము చూసుకోడానికే. అయినా ఫోనులో ఇంత తిట్టగలిగేదానివా? అందుకే టవర్ రాకపోయినా నాకు దిగుల్లేదు.

నా సంగతులు ముందు విను. రేకులగదిలో ఉంటున్నాను. మంచం కింద మట్టి డబ్బాలు, మంచం మీద నేను. మట్టి ఆరబెట్టడానికి ఒక ఓవెన్ ఉంది. తడిమట్టిని తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూస్తే అందులో నీరెంతో తెలుస్తుంది. మా వంటాయన ఆ ఓవెన్లో గుట్టుగా సాక్సులు ఆరబెట్టుకుంటున్నాడు. నిన్న మా టీము పెద్దమేడమ్ చూసుకోకుండా ఒక సాక్సు తూచేసి లెక్కల్లో ఎక్కించేశారు. "ఈ శాంపిల్ ఎవరిది, ఇంత నీరెట్లా పట్టింది?" అని మధ్యాహ్నమంతా చర్చ జరిగింది.

నేను కౌగిలించుకున్న గొట్టం గురించి. దాని చివర కాల్చిన మట్టిమొన, పైన గడియారంలాంటి ముల్లు, లోపల నీళ్ళు. నేలకి దాహమేస్తే గొట్టంలో నీటిని లాగుతుంది, ముల్లు కదులుతుంది. ఇక పగలంతా రెండు గుండ్రటి ఇనపకట్లు నేలలోకి దిగ్గొట్టి, నీళ్ళు పోసి, మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపట్లో ఇంకుతాయో చూడటం. ఒకచోట గుటగుటా తాగేస్తుంది. రెండడుగుల అవతల మూతి బిగించుకు కూర్చుంటుంది. అచ్చం మన చుట్టాల్లాగే.

నీ నేలకి దారులు రెండే. ఒకటి, దీపం వత్తి నూనె లాగినట్టు మట్టి కిందనున్న నీటిని పైకి లాగుతూ ఉండాలి. రెండు, మీది ఏటవాలు వీధి కాబట్టి పైనున్న ఇంటి నీళ్ళు పక్కనుంచి వస్తూ ఉండాలి. వీటిలో ఏది నిజమో తేలాలంటే నువ్వు రెండు పనులు చెయ్యాలి. ఒక ప్లాస్టిక్ కాగితం నేలకి నాలుగువైపులా అంటించి మర్నాడు ఎత్తి చూడు, తడి గాల్లోదో నేలదో తెలుస్తుంది. తర్వాత కొట్టు వెనక, పెరటిగోడ పక్కన మోకాలిలోతు గుంత తవ్వి, ఏ పొర ఎట్లా ఉందో రాయి. రంగు, తడి, వేళ్ళతో నలిపితే ఎట్లా ఉందో, అన్నీ.

అవునూ, ఆ గోడవతల ఉండేది ఈత మాస్టారే కదా? ఆయన పెరట్లో కొలనుందని చిన్నప్పుడు గోడెక్కి చూసిన గుర్తు. నాకు ఆ కొలను మీదే అనుమానం.

ఆరని సాక్సులతో
నీ మట్టిబుర్ర

జూలై 21

పిల్లా,

ప్లాస్టిక్ కింద చెమట పట్టింది. కాబట్టి తడి నేలదే. గాలి మీద నేను వేసిన నిందలన్నీ వెనక్కి తీసుకున్నాను.

గుంత కూడా అయింది. వయొలిన్ పొట్టలు విప్పే చేతులతో పలుగు పట్టాను. నడుం పట్టేసి రెండ్రోజులు కుర్చీకి అతుక్కుపోయాను. పైన నల్లమట్టి. దాని కింద జానెడు ఇసక, అందులోంచి నీళ్ళు ముక్కు కారినట్టు కారుతూనే ఉన్నాయి. దాని కింద పసుపచ్చటి జిగురుమట్టి, సబ్బుబిళ్ళలా గట్టిగా ఉంది. గోరు పెట్టి గీరితే లోపల పొడిగానే ఉంది. పరీక్షలో ఎన్ని మార్కులేస్తావో చెప్పు.

తవ్వుతుంటే ఈత మాస్టారు గోడమీంచి తల పెట్టాడు.

"ఏం పాతిపెడుతున్నారండీ?"

"మీ కప్పల్ని."

మా పాత తగాదా నీకు తెలుసు కదా. నేను సరిగ్గా తీగ బిగించి శ్రుతి చూసే వేళకే ఆయన కప్పలు అందుకుంటాయి. ఆ మాటే మళ్ళీ అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? "మా కప్పలు సరిగ్గానే పాడుతున్నాయి, ఇందాక మీ తీగే దిగింది." ఒళ్ళు మండిపోయింది. లోపలికొచ్చి చూస్తే నిజంగానే దిగి ఉంది. అది ఆయనకి చెప్పలేదనుకో.

మీ నాన్న రోజూ ఫోన్ చేసి, "ఆరిందా?" అని అడుగుతున్నాడు. చెవిలో జోరీగలా తయారయ్యాడు.

నడుం పట్టిన
మీ అత్త

జూలై 31

బంగారు అత్తా,

నూటికి నూరు! మా దగ్గర పనిలో చేరిన కుర్రాళ్ళెవరూ పొరల గురించి ఇంత బాగా రాయలేదు. "ముక్కు కారినట్టు" అన్న మాట నా రిపోర్టులో వాడుకుందామంటే పెద్దమేడమ్ కొట్టేశారు.

ఇక్కడ ఒక పెద్ద పండగ జరిగింది, నా నోట్లో ఆవగింజ నానదు కదా, చెప్పేస్తున్నాను. వాలు మీద ఒక ముక్క నేలని ఎంచుకుని నీలిరంగు నీళ్ళు చల్లాం. మర్నాడు ఆ ముక్కని కేకు కోసినట్టు నిలువునా కోశాం. నీలం అంతా ఒక్కతీరుగా దిగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ పైన నాలుగు వేళ్ళ మందాన ఆగిపోయి, ఒక్కచోట మాత్రం ఎప్పుడో కుళ్ళిపోయిన చెట్టువేరు ఖాళీలోంచి నిలువెత్తు కిందికి దిగి, ఇసకపొర తగలగానే పక్కకి తిరిగి పరుగు తీసింది! ఆ నీలిగీత చూసి గట్టిగా కేకేశాను. డ్రైవరు పాము అనుకుని కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. అత్తా, ఎనిమిదేళ్ళుగా నేను అంకెల్లో చూసిన దారి అది. కంటితో చూడటం ఇదే మొదటిసారి. ఏడ్చాను కూడా, సంతోషంతోనే.

అందుకే నీకూ అదే వైద్యం. దీంతో పంపుతున్న పొట్లంలో ఆకుపచ్చరంగు పొడి ఉంది. చేపలకీ కప్పలకీ ఏ హానీ లేదు. ఈత మాస్టారి కొలనులో కలుపు. నీ గుంతలో ఇసకపొర దగ్గర తెల్లగుడ్డ ముక్కలు పెట్టు. కొలను నీళ్ళే అయితే వాటికి రంగు అంటుకుంటుంది.

కొలనే అని నా పందెం. నేను గెలిస్తే నాకు మళ్ళీ వయొలిన్ నేర్పాలి, తల బాదుకోకుండా. ఓడితే ఏడాదిపాటు నీ కొట్టు ఊడుస్తాను.

గొంతు బొంగురుపోయిన
నీ మేనకోడలు

ఆగస్టు 10

మట్టిబుర్రా,

వెళ్ళాను. ఇన్నేళ్ళుగా పక్కపక్కన ఉంటున్నా ఆయన గేటు దాటడం ఇదే మొదలు. తగాదాకే వచ్చాననుకున్నాడేమో, గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు. పొట్లం చూపించాను.

"చేపలకేం కాదు కదా?"

"మా మేనకోడలు డాక్టరేటు చేసిందండీ."

"చేపల్లోనా?"

"మట్టిలో."

"మరి చేపల సంగతి ఆవిడకేం తెలుసు?"

ఇట్లా కాసేపు నడిచి చివరికి టీ పెట్టాడు. బాగానే పెడతాడు. నా నేల సంగతి ఎత్తడానికి నోరు రాలేదు, నీ పరిశోధన కోసమని చెప్పాను.

మోకాళ్ళు అరిగిపోయి ఉద్యోగం మానేశాట్ట. ఊళ్ళో సగంమందికి ఈత నేర్పిన మనిషి ఇప్పుడు నాలుగు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాడు. ఆ కొలను తనే తవ్వుకుని, రాళ్ళు తనే పేర్చుకున్నాడు. పొద్దున్నే వెళ్ళి నడుంలోతు నీళ్ళలో నిలబడతాడు. "నీళ్ళలో నా బరువు నాకు తెలీదండీ. గట్టుమీదే నేను ముసలాణ్ణి" అన్నాడు. నేను చేపల్ని చూపించమన్నాను. వాటికి తన పాత శిష్యుల పేర్లు పెట్టుకున్నాడు. బాగా బొద్దుగా ఉన్నదాన్ని చూపించి, "ఇది బ్యాంకు మేనేజరు, మొదట్లో మునగడానికి భయపడేవాడు" అన్నాడు.

రంగు కలిపాను. కొలనంతా పెళ్ళిచీరలా మెరిసింది. ఇద్దరం గట్టుమీద కూర్చుని చూశాం. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

మీ అత్త

ఆగస్టు 22

చిన్నదానా,

రంగు రాలేదు. గుంతలో గుడ్డలు తెల్లగానే ఉన్నాయి. పందెం ఓడిపోయావు, చీపురు సిద్ధం చేసుకో.

మిగతా అంతా మామూలే. వానలు దంచుతున్నాయి. మీ నాన్న కొత్త గొడుగు కొన్నాడు, బస్సులో మర్చిపోయాడు, మళ్ళీ కొన్నాడు. వయొలిన్ పెద్దమనిషి రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. నా తెల్లపిల్లి ఎక్కడ తిరిగొచ్చిందో ఏమో, పాదాలన్నీ చిలకపచ్చగా చేసుకొచ్చింది. పై వీధిలో ఎవరో ఇంటికి రంగులు వేయిస్తున్నారు, అక్కడ దూరి ఉంటుంది. మీ అమ్మ చూసింది కాబట్టి నీకు రాసినా రాస్తుంది, అందుకని నేనే ముందు చెబుతున్నాను. పెద్ద విషయం కాదు.

ఈత మాస్టారు రోజూ గోడమీంచి పలకరిస్తున్నాడు. కప్పల్ని సాయంత్రం పూట కాస్త తగ్గించమని చెప్పాట్ట. అవి విన్న దాఖలాలైతే లేవు.

ఇంక ఆ రంగు సంగతి వదిలెయ్యి.

మీ అత్త

ఆగస్టు 30

అత్తా,

బండి ఇంజను ఆడుతుండగా రాస్తున్నాను, గీతలు వంకరైతే నన్ననకు. వాన ఆగడం లేదు, గొట్టాల్లో సగం కొట్టుకుపోయాయి. నేనూ పెద్దమేడమూ వాటికోసం నడుంలోతు బురదలో వెతుకుతున్నాం. పోయిన గొట్టం దొరికినప్పుడల్లా ఆవిడ తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు ముద్దు పెట్టుకుంటున్నారు.

నీ ఉత్తరం చూశాను. రంగు రాలేదంటే నీళ్ళు పక్కనుంచి రావడం లేదన్నమాట. అంటే నేలే కిందినుంచి లాక్కుంటోంది. దానికి గోడవార ఏం చేసినా లాభం లేదు. నేలంతా పెకలించి, కంకర పరిచి, ఎండల్లో నెలల తరబడి ఆరబెట్టాలి. సెప్టెంబరులోపు అయ్యే పని కాదు.

నాన్న నన్ను సూటిగా అడిగారు, నేనూ సూటిగానే రాసేశాను. ఇదే సంచిలో ఆయనకి రాసిన ఉత్తరం కూడా వస్తోంది. నన్ను తిట్టు, కానీ మాట్లాడ్డం మానకు. ఇన్ని కొండలకి నీటిదారులు కనిపెట్టి మా అత్త గదికి మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను. సిగ్గుగా ఉంది.

నీ మేనకోడలు

సెప్టెంబరు 8

తల్లీ,

నిన్నెందుకు తిడతానే? నీ తప్పేం లేదు. మీ నాన్న మాత్రం నీ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించేలా ఉన్నాడు. "చూశావా, సైంటిస్టే చెప్పింది" అని వచ్చిపోయేవాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నాడు. లారీ ఖాయమైంది.

సర్దడం మొదలుపెట్టాను. ఉలులు ఒక పెట్టెలో, బిగింపులు ఒక పెట్టెలో. వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లో ఒకటి మిగిలింది, దాన్ని ఆఖరున తీసుకెళతాను. నిన్న దాని తీగ మీటి అట్లాగే నిలబడ్డాను. శబ్దం గోడదాకా వెళ్ళి, మెత్తబడి, నా దగ్గరికే తిరిగొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత లేచి మిగతా పెట్టెలు కట్టాను.

మూడో అంతస్తు మరీ అంత చెడ్డది కాదులే. కిటికీలోంచి బస్టాండు కనిపిస్తుంది. లిఫ్టుంది కాబట్టి ముసలితనంలో సుఖం. మనవల్ల ఇంకొకరి సుఖం పోకుండా ఉంటే అంతే చాలు.

మీ అత్త

సెప్టెంబరు 9

అబద్ధాలకోరు అత్తకి,

నీ జవాబు ఇంకా రాలేదు, దానికోసం ఆగే ఓపికా నాకు లేదు. దొరికిపోయావు!

పొద్దున కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి గుంత చూపిస్తూ పాఠం చెబుతున్నాను. "నీరు కిందినుంచి పైకొస్తుంటే అడుగుపొర ముందు తడవాలి. అడుగున పొడిగా ఉండి మధ్యపొర కారుతుంటే అది పక్కనుంచే వస్తోంది" అని గడగడా అప్పజెప్పి, పాఠం అక్కడే ఆపేశాను. బురదబూట్లతో గదికి పరిగెత్తాను. జిగురుమట్టి లోపల పొడిగా ఉందని జూలైలో నువ్వే రాశావు. నూటికి నూరు వేసింది నేనే. అంత చదువు చదివి, రంగు రాలేదన్న ఒక్క ముక్క పట్టుకుని నీ గుంతనే మర్చిపోయాను. నన్ను నేను తిట్టుకున్నాను, వంటాయన కూడా రెండు మాటలు సాయం చేశాడు.

తర్వాత పిల్లి! ఇంటికి చిలకపచ్చ రంగు ఎవరు వేయిస్తారు అత్తా? అది నా పొట్లంలో రంగే. నీ నేలమీద తిరిగిన పిల్లికి అంటింది. నీ గుడ్డలు కూడా అదే రంగులో ఉండుంటాయి, కాల్చేశావా, దాచేశావా?

ఎందుకు దాచావో కూడా తెలిసింది. ఆగస్టు ఉత్తరం మళ్ళీ చదివాను. ఆయన నీళ్ళలో బరువు తెలీదన్నాడని రాసిన చోట నీ అక్షరాలు చిన్నవైపోయాయి. రంగు వచ్చిందని చెబితే కొలను ఎండగట్టమంటారనుకున్నావు. ఆయన కొలను ఉండాలని నీ కొట్టు వదులుకుంటున్నావు. నువ్వు ఇట్లాంటిదానివని తెలుసు కాబట్టే నాకు నువ్వంటే అంత ఇష్టం. కానీ అడగాలి కదా నన్ను! కొలను ఎండగట్టాలని ఎవరన్నారు?

బొమ్మ గీసి పంపుతున్నాను. పెరటిగోడకి నీవైపున, కొట్టుకి ఎగువన, పొడుగునా ఒక కాలవ తవ్వించు. ఇసకపొర దాటి జిగురుమట్టి తగిలేదాకా దిగాలి. అడుగు వీధివైపు కాస్త వాలుగా ఉండాలి. చిల్లుల గొట్టం పెట్టి, చుట్టూ కంకర పోసి, గుడ్డ కప్పి, పైన మట్టి పూడ్చెయ్యి. కొలను నీళ్ళు ఇసకలో నడిచొచ్చి కాలవలో పడి వీధికి పోతాయి, నీ కొట్టుదాకా రావు. నీళ్ళంత బద్ధకస్తులు ఇంకెవరూ ఉండరు, సులువైన దారి దొరికితే ఇంకో దారి తొక్కవు. కొలనులో ఒక్క చేప కూడా కదలక్కర్లేదు.

ఇంకా ఇరవై రోజుల పైనే ఉంది. లే! మాస్టారికి నిజం చెప్పు. నాన్నకి నేను తర్వాత సర్దిచెబుతాను.

పందెం గెలిచిన
నీ మట్టిబుర్ర

సెప్టెంబరు 19

గయ్యాళీ,

నీ ఉత్తరం అందిన నిమిషానికి చెప్పులు కూడా వేసుకోకుండా పైయింటికి వెళ్ళాను. తలుపు తడితే లోపల్నుంచి, "ఇప్పుడు రావద్దండీ!" అని కేక. ఆగుతానా? తోసుకుని వెళ్ళాను. మనిషి నిలువునా తడిసి, చేతిలో బకెట్టుతో ఉన్నాడు. స్నానాలగదిలో తొట్టినిండా చేపలు. బ్యాంకు మేనేజరు నావైపే చూస్తున్నాడు.

ఏం జరిగిందో తెలుసా? మా పిల్లి గోడమీద నడుస్తుంటే ఆయనా చూశాట్ట. "మీ పిల్లికి నీళ్ళంటే చచ్చేంత భయం, నా కొలనులో కాలు పెట్టదు. మరి ఆ రంగు మీ నేలమీదే తొక్కి ఉండాలి. అంటే నా నీళ్ళే మీ కొట్లోకి వస్తున్నాయి. మీరు చెప్పకపోతే నాకు అర్థం కాదనుకున్నారా?" అన్నాడు. మీ నాన్న లారీ సంగతి వీధంతా చాటాడు కదా, అది కూడా ఆయన చెవిన పడింది. నాకు తెలియకుండా కొలను ఖాళీ చేద్దామని ఆ మోకాళ్ళతో బకెట్టు బకెట్టు తోడిపోస్తున్నాడు. సగానికి తెచ్చేశాడు!

నాకు కోపమొచ్చింది. "నన్ను అడక్కుండా ఎవరు తోడమన్నారు?" అన్నాను. ఆయన, "నన్ను అడక్కుండా మిమ్మల్నెవరు సర్దమన్నారు?" అన్నాడు. కాసేపు ఇద్దరం అరుచుకున్నాం. తర్వాత తొట్టిలోంచి మేనేజరు ఎగిరి నేలమీద పడ్డాడు. వాణ్ణి పట్టుకోడానికి ఇద్దరం ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నాం. ఇంక చూడు, కడుపుబ్బ నవ్వాం. అంతగా నవ్వి ఎన్నేళ్ళయిందో. చేపని మాత్రం ఆయనే పట్టుకున్నాడు.

కాలవ పని మొదలైంది. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని, పారదర్శకమైన పైపులో నీళ్ళు నింపి రెండు కొసలా మట్టం చూసి వాలు చెబుతున్నాడు. పాత శిష్యుల్ని పిలిచాడు. అసలు బ్యాంకు మేనేజరు కూడా వచ్చి, ప్యాంటు మడిచి తవ్వుతున్నాడు. తొట్టిలో తన పేరుగలవాణ్ణి చూసి పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. నిన్న జిగురుమట్టి తగిలింది. ఇసకలోంచి చిలకపచ్చ నీళ్ళు కాలవలోకి కారుతుంటే అందరూ పని ఆపి చప్పట్లు కొట్టారు. నువ్వు కొండమీద ఎందుకు కేకేశావో నాకప్పుడు తెలిసింది.

మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. ఆయన పెట్టెల మీద అంకెలు వేసే పనిలో ఉన్నాడు.

మీ అత్త

సెప్టెంబరు 25

అత్తా, మాస్టారూ, ఇద్దరికీ,

అత్త ఉత్తరం పెద్దమేడమ్‌కి, వంటాయనకి, డ్రైవరుకి చదివి వినిపించాను. చేప ఎగిరిన చోట రెండోసారి చదివించారు. ఇక్కడ అందరూ మీ కాలవ కబుర్లకోసం బండి దారి చూస్తున్నారు.

ఒక్క మాట. కాలవ పనిచేసిందో లేదో గట్టివాన పడితే గానీ తేలదు. వానకి ఇన్నాళ్ళూ శాపనార్థాలు పెట్టావు, ఇప్పుడు రమ్మని పిలవాలి. వాన పడ్డాక గొట్టం కొస దగ్గర నీళ్ళు పారాలి, కొట్లో ప్లాస్టిక్ కింద చెమట పట్టకూడదు. రెండూ జరిగితేనే గెలిచినట్టు. కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టి నేలని ఆరనివ్వండి.

భయంగా ఉంది నాకు. వందల గుంతలు తవ్వాను, ఏ గుంత గురించీ నాకు ఇట్లా నిద్ర పట్టకుండా పోలేదు. ఇది మా అత్త గది.

మీ మట్టిబుర్ర

అక్టోబరు 2

నా బంగారుతల్లికి,

వాన వచ్చింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నేనూ మాస్టారూ ఒకే గొడుగు కింద గొట్టం కొస దగ్గర నిలబడ్డాం. మొదట గాలి బుడగలు, తర్వాత బురద, తర్వాత తేటనీళ్ళు ధారగా వచ్చాయి. లోపలికెళ్ళి ప్లాస్టిక్ ఎత్తాను. పొడిగా ఉంది. నమ్మకం లేక ఇంకోచోట వేసి ఎత్తాను. అక్కడా పొడిగానే ఉంది.

నిన్న మీ నాన్న చెప్పిన టైముకే లారీతో దిగాడు. నేను తలుపు తీసి పక్కకి జరిగాను. ఆయన వంగి నేలని అరచేత్తో తడిమాడు. బల్లకింద తడిమాడు. వెనకగోడ వారన అనుమానంగా తడిమాడు. చివరికి బూట్లు, సాక్సులు విప్పి గదంతా వట్టికాళ్ళతో తిరిగాడు. నేను చెల్లో తీసి ఒక్క తీగ మీటాను. మీ నాన్నకి సంగీతం రాదని నీకు తెలుసు. అయినా అట్లాగే నిలబడి, శబ్దం పూర్తిగా ఆగేదాకా విని, "ఆ మూడో అంతస్తులో ఇట్లా ఉండదు, కదూ?" అన్నాడు. నా అన్న మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది.

వచ్చిన లారీ ఊరికే పోవడం మాత్రం ఆయన భరించలేకపోయాడు. కాలవలో తీసిన మట్టంతా ఎక్కించి పంపించాడు. ఎక్కించేటప్పుడు దగ్గరుండి, "ఇది మా అమ్మాయి చెప్పి తవ్వించిన మట్టి" అని డ్రైవరుకి చెప్పడం విన్నాను. నేల ఆరదని నువ్వు రాసిన ఉత్తరం సంగతి ఆయనకి ఏమాత్రం గుర్తున్నట్టు లేదు.

జిగురు ఆరుతోంది పిల్లా. వయొలిన్ పొట్ట రాయిలా పట్టుకుంది. రేపు పెద్దమనిషి వచ్చి తీసుకెళతాడు. దగ్గు కూడా తగ్గింది. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు చేసుకుందామని చూశాను, గుర్తు రాలేదు.

ఒక్కటే నష్టం. కాలవ గోడ పునాదికి మరీ దగ్గరగా పోయిందో ఏమో, మొన్నటి వానకి మాకూ మాస్టారికీ మధ్యనున్న ఇటుకగోడ సగం కూలిపోయింది. అదృష్టం కొద్దీ ఆయనవైపే పడింది, కాలవకేం కాలేదు. మీ నాన్న వెంటనే తాపీమేస్త్రీని పిలుస్తానన్నాడు. నేను మాస్టారివైపు చూశాను. ఆయన చేపలవైపు చూశాడు. "తొందరేముందిలే, ఎండలు రానీ" అన్నాను.

ఇవాళ పొద్దున తలుపు తీసేసరికి ఏముంది? ఆ కూలిన ఇటుకలన్నీ ఏరి, నా గుమ్మం దగ్గర్నుంచి తన కొలను గట్టుదాకా వరసగా పరిచి బాట వేసేశాడు. ఆ మోకాళ్ళతో ఎప్పుడు లేచాడో, ఎట్లా వంగాడో. ఇప్పుడు మీ నాన్న మేస్త్రీని పిలిచినా, ఇంక గోడ కట్టడానికి ఇటుకలెక్కడున్నాయి?

మీ అత్త